హైదరాబాదు మూకీ హాస్యచిత్రాలు: లోటస్ ఫిలిం కంపెనీ – ఒక సరిహద్దు సమస్య

వ్యాససంగ్రహం:
1922–24 మధ్యకాలంలో ధీరేంద్రనాథ్ గంగూలీ హైదరాబాదు కేంద్రంగా లోటస్ ఫిలిం కంపెనీని నడిపారు. ఆ సంస్థ తీసిన 'ది లేడీ టీచర్', 'ది మ్యారేజ్ టానిక్' అనే మూకీ హాస్యచిత్రాలు నేడు లభ్యం కావు. ఈ నష్టానికి ఫిలిం స్వభావంతోపాటు నాటి పాలనా సరిహద్దులు, భాష ప్రాతిపదికన సాగిన సినిమా చరిత్ర రచన ఎట్లా కారణమయ్యాయో ఖమ్మం–భద్రాచలం ప్రాంతం ఉదాహరణగా ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: మూకీ, హాస్యచిత్రం, లోటస్ ఫిలిం కంపెనీ, నిజాం రాజ్యం, భద్రాచలం, సెన్సారు.

1. ఉపోద్ఘాతం:
తెలుగు సినిమా చరిత్రను రఘుపతి వెంకయ్యతో, ఆయన కుమారుడు ఆర్. ప్రకాశ్‌తో ప్రారంభించడం పరిపాటి. 1921–22 నాటి 'భీష్మప్రతిజ్ఞ'కు ప్రకాశ్ దర్శకత్వం వహించడమే కాక భీష్మ పాత్రను కూడా ధరించారు. ఆ చిత్రం ప్రతి మిగలలేదు. అయినా చరిత్ర గ్రంథాల్లో దాని స్థానం సుస్థిరం. దాదాపు అదే సమయంలో హైదరాబాదులో తయారైన మూకీలకు మాత్రం అటువంటి గౌరవం దక్కలేదు. రెండూ మాటలేని చిత్రాలే, రెండూ నశించినవే. మూకీలో సంభాషణ టైటిల్ కార్డుల మీద ఉండేది. ఆ కార్డులను ప్రదర్శించే ప్రాంతాన్ని బట్టి వేరువేరు భాషల్లో వేసుకోవచ్చు. కాబట్టి ఒక మూకీని తెలుగు చిత్రమనీ మరొకదాన్ని కాదనీ తేల్చడానికి మనం వాడుతున్న కొలమానం నిర్మాతల మాతృభాష మాత్రమే. ఈ కొలమానం తెలంగాణ ప్రాంతపు తొలి సినీచరిత్రను దాదాపు పూర్తిగా బయటే నిలిపివేసింది.

2. నటుడు – నేపథ్యం:
గంగూలీ 1893లో జన్మించారు. శాంతినికేతనంలో చదివి, హైదరాబాదులో చిత్రకళోపాధ్యాయులుగా పనిచేశారు. వేషధారణ మీద ఆయనకున్న ఆసక్తి అసాధారణమైనది. స్త్రీపురుష భేదం లేకుండా భిన్న వర్గాల మనుషుల వేషాలు తానే వేసి, తీయించుకున్న ఛాయాచిత్రాలను 'భావేర్ అభివ్యక్తి' అనే పుస్తకంగా వెలువరించారు. తరువాత కలకత్తా పోలీసులకు మారువేషాల్లో శిక్షణ ఇచ్చినది కూడా ఈ నేర్పుతోనే. 1921లో కలకత్తాలో విడుదలైన 'బిలాత్ ఫేరత్' ఆయనకు పేరు తెచ్చింది. సీమ చదువు చదివి వచ్చిన దొరబాబు ధోరణిని ఎగతాళి చేసిన చిత్రమది. పౌరాణికాలే రాజ్యమేలుతున్న కాలంలో సమకాలీన సంఘాన్ని హాస్యవస్తువుగా తీసుకోవడం చిన్న విషయం కాదు.

మరుసటి సంవత్సరమే ఆయన హైదరాబాదుకు వచ్చి లోటస్ కంపెనీని నెలకొల్పారు. అప్పటికి ఆయనకు ముప్పై నిండలేదు. నిజాం ప్రభుత్వ ప్రోత్సాహంతో స్టూడియో, రెండు ప్రదర్శనశాలలు ఏర్పడ్డాయి. 'ఇంద్రజిత్', 'హరగౌరి' వంటి పౌరాణికాలతోపాటు పైన పేర్కొన్న హాస్యచిత్రాలు ఇక్కడే తయారయ్యాయి. పేర్లను బట్టి వాటి కథను ఊహించడం పరిశోధన అనిపించుకోదు. అయితే చదువు చెప్పే స్త్రీ, పెళ్లి అనే రెండు అంశాలు కందుకూరి వీరేశలింగం ప్రహసనాల కాలం నుంచీ తెలుగు పాఠకులకు పరిచితమైన హాస్యక్షేత్రాలే. ఆ పోలికను మాత్రం గుర్తించవచ్చు.

1924లో గంగూలీ తన ప్రదర్శనశాలలో బొంబాయిలో తీసిన 'రజియా బేగం' చిత్రాన్ని ప్రదర్శించారు. ముస్లిం రాణి ఒక హిందువును ప్రేమించడం అందులోని కథ. నిజాం ఆగ్రహించి ఆయనను రాజ్యం విడిచి వెళ్లమని ఆదేశించడంతో లోటస్ అధ్యాయం ముగిసింది. ఇతరులు తీసిన ఒక విషాదగాథ వల్ల స్వంత హాస్యచిత్రాల సంస్థ మూతపడటం చరిత్రలోని వింత.

3. గోదావరికి ఇరువైపులా:
ఈ చిత్రాల జాడ ఎందుకు పలుచగా ఉందో తెలుసుకోవడానికి నాటి పటాన్ని చూడాలి. నేటి ఖమ్మం ప్రాంతం అప్పుడు నిజాం రాజ్యంలోని వరంగల్ జిల్లాలో భాగం. గోదావరికి ఆవలి ఒడ్డున ఉన్న భద్రాచలం తాలూకా 1860లో బ్రిటిష్‌వారి వశమై, 1874లో మద్రాసు రాష్ట్రంలో చేరింది. తిరిగి ఖమ్మం జిల్లాలో కలిసినది 1959లో. అంటే పాల్వంచ అడవి దాటి, పడవ మీద ఏరు దాటితే చట్టమే మారిపోయేది.

1918 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం బ్రిటిష్ ఇండియాకు వర్తించింది. 1920లో మద్రాసు, బొంబాయి, కలకత్తా, రంగూన్ నగరాల్లో సెన్సారు బోర్డులు ఏర్పడ్డాయి. భద్రాచలంలో ఒక చిత్రం ఆడాలంటే బోర్డు ధ్రువపత్రం తప్పనిసరి. ఖమ్మంలో ఆడటానికి ఆ పత్రంతో పనిలేదు. సెన్సారును కళకు శత్రువుగా చూడటం మనకు అలవాటు. చరిత్రకారుడికి మాత్రం అది ఉపకారి. చిత్రం పేరు, నిడివి, నిర్మాత, తొలగించిన దృశ్యాలు దాని కాగితాల్లో నిలుస్తాయి. నిజాం రాజ్యంలోనే పుట్టి అక్కడే ఆడిన చిత్రానికి ఈ విధమైన పుట్టుక నమోదు ఉండదు. హైదరాబాదు పక్కనే ఉన్న సికిందరాబాదు కంటోన్మెంటు బ్రిటిష్ పాలనలో ఉండటం ఈ చిక్కును మరింత పెంచుతుంది.

పత్రికల సంగతీ ఇటువంటిదే. ఇనుగుర్తి నుంచి 'తెలుగు పత్రిక', నల్లగొండ నుంచి 'నీలగిరి పత్రిక' 1922లోనే పుట్టాయి. 'గోలకొండ పత్రిక' 1926లో వచ్చేనాటికి గంగూలీ వెళ్లిపోయి రెండేళ్లయింది. కనుక నాటి నగరవార్తలకు ప్రధానంగా ఉర్దూ పత్రికలే ఆధారం. వాటిని తెలుగు సినీచరిత్రకారులు తక్కువగా చదివారు. బెంగాలీ చరిత్రకారులకేమో హైదరాబాదు ఘట్టం గంగూలీ జీవితంలో ఒక మజిలీ మాత్రమే.

4. భౌతిక నష్టం:
నాటి ఫిలిం సెల్యులోజ్ నైట్రేట్‌తో తయారయ్యేది. అది త్వరగా అంటుకుంటుంది. అంటుకోకపోయినా వేడికి, తేమకు జిగురై, చివరకు పొడిగా రాలిపోతుంది. 1931లో టాకీ రాగానే మూకీలకు విలువ పోయింది. వెండి కోసం పాత ఫిలింను కరిగించడం దేశమంతటా జరిగింది. పుణెలో జాతీయ ఫిలిం ఆర్కైవ్ 1964లో గాని ఏర్పడలేదు. దేశంలో తయారైన 1,300 పైచిలుకు మూకీలలో పూర్తిగానో, ముక్కలుగానో మిగిలినవి ముప్పైకి అటూఇటూ.

5. అన్వేషణ దిశ:
గంగూలీ 1978 వరకు జీవించారు. 1975 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం కూడా అందుకున్నారు. ఆ ముఖతః సాక్ష్యం ఇప్పుడు లేదు. మిగిలినవి లిఖితాధారాలే. 1922–24 నాటి ఉర్దూ పత్రికల ప్రకటనలు, రాష్ట్ర ఆర్కైవ్స్‌లోని నిజాం ప్రభుత్వ దస్త్రాలు, మద్రాసు సెన్సారు జాబితాలు – ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చదవాలి. మద్రాసు జాబితాలో లోటస్ చిత్రం పేరు కనిపిస్తే అది సరిహద్దు దాటిందని అర్థం. అప్పుడు భద్రాచలం వంటి ఏజెన్సీ తాలూకాల పాలనా నివేదికల్లో డేరా సినిమాల ప్రస్తావనలను వెతకవచ్చు. ఇందుకు ఉర్దూ చదవగల సహపరిశోధకులతో కలిసి పనిచేయడం తెలుగు శాఖలకు తప్పనిసరి.