44 బైట్ల పాట

అటక సర్దుతుంటే ఘంటసాల పాటల సీడీ ఒకటి దొరికింది. కంప్యూటర్లో పెడితే ట్రాక్01, ట్రాక్02 అంటూ ఫైళ్లు వరుసగా కనిపించాయి. అన్నిటినీ డెస్క్‌టాప్ మీదికి లాగాను. రెప్పపాటులో కాపీ అయిపోతే సంబరపడి సీడీ తీసేశాను. ఆ తర్వాత ఏది నొక్కినా ఒక్కటీ పలకదు! చూస్తే ఒక్కో ఫైలూ 44 బైట్లే. పాట ఎక్కడ మొదలై ఎంతసేపు సాగుతుందో చెప్పే చీటీ అది. ఆ చీటీ కూడా డిస్క్ మీద లేదు, కంప్యూటరే అప్పటికప్పుడు రాసి చూపించింది.

ఆడియో సీడీలో ఫైళ్లు ఉండవు. 1980లో సోనీ, ఫిలిప్స్ కలిసి రాసిన రెడ్‌బుక్ ప్రమాణం పాటల ప్లేయర్ల కోసం పుట్టింది. దాని ప్రకారం శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతనూ 16 బిట్లలో, రెండు చానళ్లకూ విడిగా రాస్తారు. అంటే సెకను పాటకు 1,76,400 బైట్లు. వాటిని 75 సెక్టార్లుగా విడగొడితే ఒక్కోటీ 2,352 బైట్లు.

ఇదే సెక్టారులో కంప్యూటర్ ఫైళ్లు దాచాల్సి వస్తే 2,048 బైట్లే వాడతారు. మిగతా 304 బైట్లు చిరునామాకూ, తప్పులు పట్టి దిద్దడానికీ పోతాయి. పాటల సీడీలో ఆ కాపలా లేదు, చోటంతా సంగీతానిదే. రీడ్-సాలమన్ కోడ్ అనే ఒక రక్షణ అడుగున ఉంటుంది కానీ, గీత లోతుగా పడితే అదీ చేతులెత్తేస్తుంది. అప్పుడు ప్లేయర్ అటూ ఇటూ ఉన్న కొలతలు చూసి మధ్యది ఊహించి పూరిస్తుంది. వినేవాడికి తెలియదు. అయితే కాపీ తీసేటప్పుడు ఆ ఊహే ఫైల్లో శాశ్వతంగా ఉండిపోతుంది. పైగా సెక్టారుకు కచ్చితమైన చిరునామా లేదు కనుక, డ్రైవ్ ఆగి మళ్లీ మొదలెట్టినప్పుడు కాస్త అటో ఇటో పడొచ్చు. పాట మధ్యలో టక్కుమనే చప్పుడు అలా వచ్చేదే.

సీడీలోని పాటను ఫైలుగా తీసే రిప్పింగ్ సాఫ్ట్‌వేర్ అవసరం ఇక్కడే. లినక్స్‌లో వాడే సీడీపారనోయియా ముక్కల్ని ఒకదాని అంచు మీదికి మరొకటి వచ్చేలా చదివి, అతుకు దగ్గర కొలతలు కలిశాయో లేదో చూస్తుంది. అనుమానం పెనుభూతమంటారు, పేరులోనే అనుమానం పెట్టుకున్న ఈ ప్రోగ్రాముకు మాత్రం అదే బలం. విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, తేడా వచ్చిన చోటును పదేపదే చదువుతుంది. అదే సీడీని ఇతరులు తీసిన కాపీల లెక్కతో మనదాన్ని పోల్చి చూసే అక్యురేట్‌రిప్ సదుపాయమూ ఉంది. ఇంత శ్రమ పడి తీశాక ఎంపీ3 చేసుకోవడం నాకు నచ్చదు. ఒక్క బిట్టూ పోకుండా కుదించే ఫ్లాక్‌లో ఉంచుకుంటే, దాన్నుంచి ఎంపీ3లు ఎప్పుడైనా తీసుకోవచ్చు.

ఇక పేర్లు. చాలా సీడీల్లో పాట పేరే ఉండదు. పాటలు మొదలయ్యే చోట్ల వరుసను బట్టి డిస్కును గుర్తుపట్టి, ఎవరో ఒకరు టైపు చేసిన పేర్లను మిగతావాళ్లకు అందించే పద్ధతి 1990లలో సీడీడీబీతో మొదలైంది. ఇప్పుడు ఆ పని మ్యూజిక్‌బ్రెయిన్జ్ చేస్తోంది. దాని పికార్డ్ అనే ఉచిత ప్రోగ్రాం, పేరు లేని పాటను ధ్వని పోలికతోనూ వెతుకుతుంది.

వచ్చిన పేరును ఎంపీ3లో దాచేది ఐడీ3 ట్యాగు. 1996 నాటి తొలి ట్యాగు మొత్తం 128 బైట్లు, అందులో కళాకారుడి వాటా 30. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికీ గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు కావాలి. ఆ లెక్కన ‘ఘంటసాల వెంకటేశ్వరరావు’కు 61! 1998లో వచ్చిన రెండో ఐడీ3 యూనికోడ్‌కు చోటిచ్చి ఈ ఇరుకు తీర్చింది.

తీరనిది మన సినిమా పాటల చిక్కు. గాయకుడి పేరుతో సర్దితే ఒకే సినిమా పాటలు నాలుగు చోట్లకు చెదిరిపోతాయి. అందుకే నేను ఆల్బమ్ దగ్గర సినిమా పేరు, ఆల్బమ్ ఆర్టిస్టు దగ్గర సంగీత దర్శకుడి పేరు, ఆర్టిస్టు దగ్గర గాయకుల పేర్లు రాస్తాను. రచయితకు వేరే గడి ఉంది, దాన్ని మనవాళ్లు దాదాపు ఖాళీగానే వదిలేస్తున్నారు. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే గాయని సుశీల గారు ‘ఎస్’ పక్కన ‘హెచ్’ ఉన్నప్పుడు ఒకరు, లేనప్పుడు ఇంకొకరు. తెలుగులో రాస్తే ఒక్కరే.

మీ ఇంట్లోనూ ఇలాంటి సీడీలు ఉంటే, అట్ట వెనక ఉన్న గీత రచయిత పేరును తెలుగులో మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో ఎక్కించాకే ఆ అట్ట పారేయండి.