జీతం లేని కొలువు నుంచి కోట్ల కాంట్రాక్ట్ దాకా.. అమెరికాలో కాలేజీ బేస్‌బాల్ హెడ్ కోచ్ ఎలా అవుతారో తెలుసా?

2024 జూన్ 24. అమెరికాలోని ఒమాహాలో కాలేజ్ వరల్డ్ సిరీస్ ఆఖరి మ్యాచ్. అక్కడి కాలేజీ బేస్‌బాల్‌లో దీన్ని మించిన టోర్నీ లేదు. టెనసీ యూనివర్సిటీ 6-5తో టెక్సాస్ ఏ అండ్ ఎం జట్టును ఓడించి తొలిసారి టైటిల్ కొట్టింది. గెలిచిన జట్టు కోచ్ టోనీ విటెల్లో. ఓడిన జట్టు కోచ్ జిమ్ ష్లాస్‌నాగెల్. ఒకప్పుడు ఈ ష్లాస్‌నాగెల్ దగ్గరే విటెల్లో అసిస్టెంట్‌గా పనిచేశారు. అంటే గురువుపై శిష్యుడు గెలిచాడన్నమాట!

అసలు ట్విస్ట్ మర్నాడు వచ్చింది. ష్లాస్‌నాగెల్ ఏ అండ్ ఎంకు గుడ్‌బై చెప్పి, ఆ కాలేజీకి బద్ధ ప్రత్యర్థి అయిన టెక్సాస్ యూనివర్సిటీకి కోచ్‌గా వెళ్లిపోయారు. ఫ్యాన్స్ భగ్గుమన్నారు. ఇంతకీ ఈ ఉద్యోగంలో ఏముంది? ఆ కుర్చీ దాకా ఎలా వస్తారు?

దారి చాలా కింది నుంచి మొదలవుతుంది. కాలేజీ జట్టులో ఆడి, ప్రొఫెషనల్ లీగ్ దాకా వెళ్లలేకపోయినవాళ్లు చాలామంది ఇటువైపు వస్తారు. విటెల్లో కూడా మిస్సోరి యూనివర్సిటీలో ఆడారు కానీ ప్రొఫెషనల్‌గా ఒక్క మ్యాచ్ ఆడలేదు. 2023 వరకు టాప్ డివిజన్ కాలేజీ జట్టులో హెడ్ కోచ్ కాకుండా ఇద్దరు అసిస్టెంట్లకే జీతం ఇవ్వొచ్చు. మూడోవాడు ‘వాలంటీర్’. పని మాత్రం మిగతావాళ్లతో సమానం! సమ్మర్ క్యాంపుల్లో పిల్లలకు ఆట నేర్పి నాలుగు డాలర్లు సంపాదించుకోవాల్సిందే. దీనిపై మాజీ వాలంటీర్ కోచ్‌లు కోర్టుకెక్కారు. చివరికి కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ సుమారు 4.9 కోట్ల డాలర్లకు రాజీ పడింది. ఇప్పుడు ఆ మూడో కోచ్‌కూ జీతం ఇవ్వొచ్చు.

ఆ తర్వాతి మెట్టు పిచింగ్ కోచ్, లేదా హిట్టింగ్ కోచ్. మన క్రికెట్‌లో బౌలింగ్, బ్యాటింగ్ కోచ్‌ల్లాగే. కానీ పైకి తీసుకెళ్లేది వేరే పని.. రిక్రూటింగ్. హైస్కూల్లో ఆడే కుర్రాళ్లను వెతికి పట్టుకోవడం, వాళ్ల అమ్మానాన్నలను ఒప్పించడం. ఇది మాటలు కాదు. ఎందుకంటే మొన్నమొన్నటి దాకా 35 మంది ఉండే జట్టుకు మొత్తం 11.7 స్కాలర్‌షిప్‌లే ఉండేవి. ఒకడికి సగం, ఇంకొకడికి పావు.. అలా ముక్కలు చేసి పంచాలి. మరోవైపు మంచి ప్లేయర్‌ను ప్రొఫెషనల్ జట్లు హైస్కూల్ నుంచే డబ్బిచ్చి లాక్కుపోతాయి. వీటన్నిటి మధ్య జట్టును కూర్చిన అసిస్టెంట్ పేరు కాలేజీల చెవిన పడుతుంది.

ఇక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది. ష్లాస్‌నాగెల్ ముందు లాస్‌వేగాస్‌లోని నెవాడా యూనివర్సిటీలో రెండు సీజన్లు హెడ్ కోచ్‌గా చేసి, తర్వాత టీసీయూలో 18 సీజన్లు పాతుకుపోయారు. విటెల్లోది ఇంకో రూటు. మిస్సోరి, టీసీయూ, ఆర్కన్సాస్‌లలో కలిపి దాదాపు 15 ఏళ్లు అసిస్టెంట్‌గానే ఉండి, 2017లో నేరుగా టెనసీ పగ్గాలు అందుకున్నారు. అప్పటికి ఆ జట్టు 2005 తర్వాత ఎన్‌సీఏఏ టోర్నీ మొహమే చూడలేదు. అలాంటి జట్టు ఆయన వచ్చిన ఏడో సీజన్‌లో చాంపియన్ అయింది. ఆ తర్వాత ఆయన జీతం ఏడాదికి సుమారు 30 లక్షల డాలర్లకు చేరింది.

మరి కోచ్‌ను నమ్మి కాలేజీలో చేరిన కుర్రాళ్ల సంగతేంటి? ఏ అండ్ ఎంలో జరిగింది చూడండి. ష్లాస్‌నాగెల్ వెంట టెక్సాస్‌కు బయల్దేరిన హిట్టింగ్ కోచ్ మైకేల్ ఎర్లీని, కొద్ది రోజుల్లోనే వెనక్కి పిలిచి హెడ్ కోచ్‌ను చేశారు. చాలామంది కీలక ప్లేయర్లు ఆగిపోయారు. 2025 సీజన్ మొదలవకముందు ఆ జట్టే నంబర్ వన్. తీరా చూస్తే ఎన్‌సీఏఏ టోర్నీకి క్వాలిఫై కూడా కాలేదు. అసిస్టెంట్‌గా మెప్పించడం వేరు, హెడ్ కోచ్ కుర్చీ వేరు.

ఈ దారి కాలేజీ దగ్గరే ఆగిపోతుందని అంతా అనుకునేవారు. మేజర్ లీగ్‌లో హెడ్ కోచ్‌ను మేనేజర్ అంటారు. ఆ పోస్టుకు కాలేజీ కోచ్‌లను నేరుగా తీసుకునేవారే కాదు. మిల్వాకీ బ్రూవర్స్ మేనేజర్ పాట్ మర్ఫీ కూడా ఒకప్పుడు కాలేజీ కోచే. కానీ ఆయన మధ్యలో ఏళ్ల తరబడి ప్రొఫెషనల్ జట్లలో కింది పోస్టులు చేశారు. ఆ ఆనవాయితీ 2025 అక్టోబర్‌లో బద్దలైంది. శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ జట్టు విటెల్లోను మేనేజర్‌గా తీసుకుంది. ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో ప్లేయర్‌గా గానీ, కోచ్‌గా గానీ ఒక్క రోజు అనుభవం లేకుండా కాలేజీ నుంచి నేరుగా ఆ పోస్టులోకి వెళ్లిన మొదటి వ్యక్తి ఆయనే.

మరి టెనసీలో ఖాళీ అయిన కుర్చీ ఎవరికి దక్కింది? విటెల్లో అసిస్టెంట్ జోష్ ఎలాండర్‌కు. ఈయన కాలేజీ రోజుల్లో టీసీయూ క్యాచర్. అప్పుడు అక్కడ హెడ్ కోచ్ ష్లాస్‌నాగెల్, అసిస్టెంట్ విటెల్లో!