యూనియన్‌లో ప్రారంభ విలువల సంఘర్షణ: సి కంపైలర్ల పరకార్య న్యాయం

నెల్లూరు జిల్లా శాసనాలను బట్టర్‌వర్త్, వేణుగోపాల చెట్టి 1905లో మూడు సంపుటాలుగా ప్రకటించారు. అటువంటి గ్రంథాల్లోని ఊరిపేర్లకు కంప్యూటరులో సూచిక తయారుచేయబూనిన పరిశోధకునికి మొదట ఎదురయ్యేది అక్షర సమస్యే. ఉదయగిరి నియోజకవర్గంలోని ‘జలదంకి’ మన లెక్కలో నాలుగు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో ఆరు సంకేతాలు: జ, ల, ద, సున్న, క, గుడి. యూటీఎఫ్-8లో ఇవి 18 బైట్లు, యూటీఎఫ్-16లో 12. ఒకే నిధిని ఒకచోట సంకేతంగానూ, మరొకచోట బైట్లుగానూ చూడవలసి వచ్చినప్పుడు సి భాషలో యూనియన్‌ను ఆశ్రయిస్తారు.

స్ట్రక్చర్‌లో ప్రతి అంగానికీ వేరు చోటు ఉంటుంది. యూనియన్‌లో అంగాలన్నిటికీ చోటు ఒకటే. 1989 నాటి ప్రమాణం ప్రకారం కుండలీకరణంలోని ప్రారంభ విలువ మొదటి అంగానికే చెందేది కనుక తగవు లేదు. 1999 ప్రమాణం అంగాన్ని పేరుతో నిర్దేశించి విలువ ఇవ్వడానికి అనుమతించింది. చిక్కు అక్కడే మొదలైంది.

ఒక యూనియన్‌లో ‘సంకేతం’ అనే రెండు బైట్ల అంగం, ‘బైటు’ అనే ఒక బైటు అంగం ఉన్నాయనుకుందాం. ‘అ’ యూనికోడ్ సంఖ్య 3077. అంటే 12ను 256తో గుణించి 5 కలిపితే వచ్చేది. చిన్న బైటు ముందుండే యంత్రంలో అది 5, 12గా నిలుస్తుంది. ఒకే జాబితాలో సంకేతానికి 3077, ఆ తరువాత బైటుకు 6 ఇస్తే ఏమవుతుంది? 5 స్థానంలో 6 చేరి 3078, అనగా ‘ఆ’, సిద్ధిస్తుందని తోస్తుంది. అలా జరుగుతుందని నమ్మరాదు. జీసీసీ, క్లాంగ్ రెండూ మొదటి విలువను పూర్తిగా విడిచిపెట్టి చివరి అంగాన్నే నిలుపుతాయి. స్థిర నిల్వగల చరమైతే మిగిలిన బైటు సున్నా అవుతుంది. అప్పుడు సంకేతంగా చదివితే వచ్చేది 6. అది తెలుగు అక్షరమే కాదు.

వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే ఇది ఆగమం కాదు, ఆదేశం. అష్టాధ్యాయి 1.4.2 సూత్రం తుల్యబలమైన రెండు విధులు తలపడినప్పుడు పరమైనదే ప్రవర్తిస్తుందని చెబుతుంది. సి ప్రమాణం కూడా ఒకే ఉపవస్తువుకు రెండు ప్రారంభ విలువలుంటే తరువాతిది ముందుదాన్ని బాధిస్తుందంటుంది. ఒకే చోటును పంచుకునే రెండు వేర్వేరు అంగాలు ‘ఒకే ఉపవస్తువు’ అవుతాయా అన్నది ఇంకా విస్పష్టంగా చెప్పి ఉండవలసింది. కంపైలర్లు మాత్రం ఆ నియమాన్ని విశాలార్థంలోనే గ్రహించాయి.

బాధిత విలువను అసలు గణించకపోవచ్చునని కూడా ప్రమాణం అంటుంది. ఈ మాట చిన్నదిగా కనిపించినా ప్రమాదం దీనిలోనే ఎక్కువ. మొదటి ప్రారంభ విలువ ఫైలు నుండి తరువాతి అక్షరాన్ని చదివే ఫంక్షన్ అయితే, ఆ చదవడమే జరగకపోవచ్చు. అక్కడి నుండి వరుసంతా ఒక అక్షరం తప్పుతుంది. ఇట్టి పార్శ్వ ప్రభావం ఉన్న విలువ కొట్టివేతకు గురైతే జీసీసీ అడగకుండానే హెచ్చరిస్తుంది. మామూలు స్థిరాంకమైతే అదనపు హెచ్చరికలు కోరితేనే చెబుతుంది. కోరడమే మేలు.

మరొక మార్పు ఇటీవలిది. కుండలీకరణంలో ఒక సున్నా ఉంచితే యూనియన్ అంతా శుభ్రమవుతుందని చాలామంది భావిస్తారు. 2025లో వెలువడిన జీసీసీ 15 నుండి ఆ హామీ లేదు. స్థిర నిల్వ మినహా, మొదటి అంగం మాత్రమే సున్నా అవుతుంది. మన ఉదాహరణలో ‘బైటు’ మొదటి అంగమైతే రెండో బైటులో ఏముంటుందో చెప్పలేము. అటువంటి రెండు యూనియన్లను బైటు బైటుగా పోల్చితే ఒకే విలువ రెండుగా తేలవచ్చు, సూచికలో ఒకే ఊరు రెండుచోట్ల పడవచ్చు. సి23 అనుమతించిన ఖాళీ కుండలీకరణం వాడడం, లేదా అతిపెద్ద అంగాన్ని మొదట ఉంచడం దీనికి విరుగుడు. రెండు బైట్లూ విడిగా నింపవలసివస్తే, వాటిని రెండు బైట్ల శ్రేణిగా ఒకే అంగంలో చేర్చి, ఒకే కుండలీకరణంలో 6, 12 అని ఇస్తే సంఘర్షణకు తావుండదు. చిన్న బైటు ముందుండే యంత్రంలో ‘ఆ’ సిద్ధిస్తుంది.