ఉట్నూరు మీదుగా డకోటా

హైదరాబాద్ బేగంపేట నుంచి నాగపూర్ దాకా పటం మీద స్కేలు పెట్టి గీత గీయండి. ఆ గీత కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతం మీదుగా వెళ్లి, గోదావరి దాటి, ఖానాపూర్ పక్కనుంచి ఉట్నూరు మీదికి వస్తుంది. ఇప్పుడు మద్రాసు నుంచి నాగపూర్‌కు ఇంకో గీత గీయండి. అది రామగుండం, మంచిర్యాల దగ్గర గోదావరి దాటుతుంది. 1940లలో దక్షిణం నుంచి ఉత్తరానికి పోయే విమానానికి నాగపూర్ ముఖ్యమైన మజిలీ. అంటే పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు దేశపు తొలినాటి విమానదారుల కింద ఉన్న ప్రాంతం. ఆ దారిలో తిరిగిన కంపెనీల్లో ఒకటి హైదరాబాద్ రాజ్యపు సొంత విమాన సంస్థ, డెక్కన్ ఎయిర్‌వేస్.

రాజ్యానికో విమాన కంపెనీ ఉండాలన్న ఆలోచన యూరప్‌లో పుట్టింది. డచ్చివాళ్ల కేఎల్‌ఎం 1919 అక్టోబరులో ఏర్పడింది. 1920 మేలో లండన్, ఆమ్‌స్టర్‌డాంల మధ్య దాని మొదటి సర్వీసు నడిచింది. ఇప్పటికీ అదే పేరుతో ఎగురుతున్న కంపెనీల్లో అంతకంటే పాతది లేదు. బ్రిటన్‌లో నాలుగు చిన్న కంపెనీలు ఒకదానితో ఒకటి పోటీపడి నష్టాల్లో మునిగితే ప్రభుత్వం వాటిని కలిపి 1924లో ఇంపీరియల్ ఎయిర్‌వేస్‌ను నిలబెట్టింది. పదేళ్లకు 10 లక్షల పౌండ్ల సాయం కూడా ప్రకటించింది. టికెట్ల డబ్బుతో విమానాలు నడవవని అప్పుడే అందరికీ తెలుసు. ఉత్తరాల సంచులు, సామ్రాజ్యపు అవసరాలు, సర్కారు సొమ్ము, ఈ మూడూ కలిస్తేనే అవి లేచేవి.

ఇంపీరియల్ విమానాలు 1929లో లండన్ టపాను కరాచీ దాకా తెచ్చాయి. అక్కడి నుంచి లోపలికి తెచ్చే పని టాటాలు అందుకున్నారు. 1932 అక్టోబరు 15న జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి ఒక చిన్న పుస్ మాత్ విమానంలో టపా వేసుకొని అహ్మదాబాద్ మీదుగా బొంబాయిలో దిగాడు. బొంబాయి నుంచి బళ్లారి మీదుగా మద్రాసుకు ఆయన భాగస్వామి నెవిల్ విన్సెంట్ నడిపాడు. కొద్దికాలానికే ఆ దారిలోకి హైదరాబాద్ వచ్చింది.

హైదరాబాద్‌లో విమానం కంటే ముందు రైలు సంగతి చెప్పుకోవాలి. నిజాం సర్కారు 1930లో రైల్వేను కంపెనీ చేతుల్లోంచి సొంతం చేసుకుంది. అంతకు కొంచెం ముందే కాజీపేట నుంచి పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల మీదుగా బల్లార్షా దాకా పట్టాలు పూర్తయ్యాయి. మద్రాసు, ఢిల్లీల మధ్య దగ్గరి దారి తెరుచుకుంది. 1932లో అదే రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. ఇవాళ్టి ఆర్టీసీకి మూలం అదే. రైలు, బస్సు తర్వాత సర్కారు చూపు ఆకాశం మీద పడింది. ఏరో క్లబ్బుగా మొదలైన బేగంపేటలో 1937 నాటికి టెర్మినల్ భవనం లేచింది.

1945లో డెక్కన్ ఎయిర్‌వేస్ పుట్టింది. పెద్ద వాటా నిజాం సర్కారుది, మిగిలింది టాటాలది. మరుసటి ఏడాది విమానాలు ఎగరడం మొదలైంది. సొంత నాణెం, సొంత టపా, సొంత రైలు ఉన్న రాజ్యానికి ఇప్పుడు సొంత విమానం కూడా తోడైంది. సంస్థానాల్లో ఇంత దూరం పోయినవి చాలా తక్కువ.

ఆ విమానాలు డకోటాలు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల్ని, సామాన్లని మోసిన డగ్లస్ డీసీ-3లు యుద్ధం ముగిశాక గుట్టలుగా మిగిలిపోయాయి. వాటిని చవకగా అమ్మకానికి పెట్టడంతోనే భారతదేశంలో ఎన్నో విమాన కంపెనీలు ఒకేసారి మొలకెత్తాయి. రెండు ఇంజన్లు, ఇరవై చిల్లర సీట్లు, గంటకు 300 కిలోమీటర్లకు అటూ ఇటూ వేగం. మట్టి రన్‌వే మీద కూడా దిగుతుంది. లోపల గాలి ఒత్తిడిని నిలిపే ఏర్పాటు లేదు కాబట్టి మరీ ఎత్తుకు పోకూడదు. ఎండాకాలం మధ్యాహ్నం వేడిగాలుల్లో కుదుపులకు ప్రయాణికుల కడుపులో తిప్పేది. కింద పొలంలో ఉన్నవాడికి మాత్రం అదొక వేడుక. గాలిమోటరు ఆకారం కంటికి ఆనేది, మోత చెవికి వినిపించేది.

డెక్కన్ డకోటాలు మద్రాసు నుంచి హైదరాబాద్, నాగపూర్ మీదుగా ఢిల్లీకి, మరోవైపు బొంబాయి, బెంగళూరులకు తిరిగాయి. ఉట్నూరు మీది దారి ఇదే. అదే కాలంలో కింద ఉట్నూరు అడవుల్లో నడుస్తున్న చరిత్ర వేరు. జోడేఘాట్‌లో గోండు తిరుగుబాటు నాయకుడు కొమురం భీం నేలకొరిగింది 1940లో. ఆ తిరుగుబాటుకు కారణాలేమిటో తెలుసుకోవాలని నిజాం సర్కారు ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను పంపింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండు పిల్లల బడి, రాజ్యపు విమానం, రెండూ ఒకే ఖజానా నుంచి మూడేళ్ల తేడాలో వచ్చాయి. ఏది ఎక్కువ కాలం గుర్తుండిపోయిందో ఆ ఊళ్లలో ఎవరినడిగినా చెబుతారు.

డెక్కన్ ఎయిర్‌వేస్ పేరు చరిత్రలో నిలిచింది ఒక ఉద్యోగం వల్ల. ప్రేమ్ మాథుర్ 1947లో అలహాబాద్‌లో కమర్షియల్ పైలట్ లైసెన్సు తెచ్చుకుంది. ఆడపిల్ల విమానం నడిపితే జనం ఎక్కరని ఎనిమిది కంపెనీలు ఆమెను వెనక్కి పంపాయి. ఉద్యోగం ఇచ్చింది హైదరాబాద్ కంపెనీ. దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ అలా డెక్కన్ డకోటాలో కో-పైలట్ సీట్లో కూర్చుంది. 1949లో జాతీయ ఎయిర్ రేసు గెలిచింది. అయినా కెప్టెన్ సీటు మాత్రం ఇవ్వలేదు. విసిగిపోయి ఆమె వెళ్లి జీడీ బిర్లా సొంత విమానానికి పైలట్ అయింది, ఆపైన ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరింది. హైదరాబాద్ తలుపు తెరిచిన మాట నిజమే. సగమే తెరిచింది.

1948లో రాజకీయం విమానాలను కమ్మేసింది. భారత్‌లో చేరని హైదరాబాద్ మీద భారత ప్రభుత్వం పెట్టిన ఆంక్షల మధ్య, సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుంచి రాత్రుళ్లు దొంగచాటుగా ఆయుధాలు తెచ్చి బీదర్, వరంగల్ మైదానాల్లో దించాడు. సెప్టెంబరులో సైనిక చర్య మొదలవగానే భారత టెంపెస్ట్ విమానాలు ఆ రెండింటి మీద బాంబులు వేశాయి. సొంతానికి కట్టుకున్న రన్‌వే యుద్ధంలో మొదటి గురి అవుతుంది. ఐదు రోజుల్లో రాజ్యం ముగిసింది. కంపెనీ మాత్రం మిగిలింది, పాత సర్కారు వాటా కొత్త సర్కారుకు దఖలైంది.

ఆ తర్వాతి ఏళ్లలో ముచ్చటైనది రాత్రి టపా. 1949 జనవరి 30న మొదలైంది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల్లో సాయంత్రం చీకటి పడ్డాక నాలుగు విమానాలు లేచేవి. నడిరాత్రికి నాలుగూ నాగపూర్‌లో కలుసుకొని సంచులు మార్చుకొని, తెల్లారేసరికి తమ తమ ఊళ్లకు చేరేవి. అదే ఏడాది ఏప్రిల్ నుంచి అదనపు స్టాంపు లేకుండానే మామూలు ఉత్తరాలను విమానంలో పంపడం మొదలుపెట్టారు. పెద్దపల్లి పోస్టు డబ్బాలో పడ్డ కవరుకు కూడా, అది రాసినవాడు బతుకులో ఎన్నడూ ఎక్కని విమానం ఎక్కే వీలు కలిగింది. చివరి ఏళ్లలో ఈ పని డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా చేసింది. చీకట్లో, మంచులో, పెద్దగా పరికరాలు లేని డకోటాలతో అది సులువైన పని కాదు. 1951 నవంబరులో దాని విమానం ఒకటి కలకత్తా దగ్గర కూలింది.

చివరికి బ్రిటన్‌లో జరిగిందే ఇక్కడా జరిగింది. విమానాలెక్కువ, ప్రయాణికులు తక్కువ, పెట్రోలు ప్రియం. 1953 ఆగస్టు 1న డెక్కన్‌తో సహా ఎనిమిది కంపెనీలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్ చేశారు. వచ్చిపడ్డ విమానాల్లో 74 డకోటాలే.

ఇంత కథలో ఉత్తర తెలంగాణ ప్రయాణికుడు ఎక్కడా కనిపించడు. ఇక్కడ రన్‌వేలు లేక కాదు. ఆదిలాబాద్‌లో నిజాం కాలపు మైదానం 360 ఎకరాలకు పైగా ఉంది. అది వైమానిక దళం చేతికి పోయింది. ఊరివాళ్లకు అది ఆటలకు, పొద్దున నడకకు పనికొచ్చింది. పెద్దపల్లి దగ్గర బసంత్‌నగర్ రన్‌వే కేశోరాం సిమెంటు కర్మాగారం కోసం బిర్లాలు వేసుకున్నది. 1980లలో వాయుదూత్ సంస్థ చిన్న విమానాలను అక్కడ దింపింది. 1981లో చిన్న పట్టణాల కోసమే పెట్టిన ఆ సంస్థకు ఇక్కడి పరిస్థితి అనుకూలంగానే కనిపించింది. చుట్టూ సింగరేణి గనులు, ఎన్టీపీసీ కేంద్రం, ఎరువుల కర్మాగారం, వాటికి వచ్చిపోయే అధికారులు, ఇంజనీర్లు. కానీ దేశమంతటా వాయుదూత్ నష్టాల్లో కూరుకుపోయింది. 1990లు వచ్చేసరికి ఆ మోత ఆగిపోయింది. ఒకటి రాజు కోసం, ఇంకొకటి ఫ్యాక్టరీ కోసం వేసిన రన్‌వేలు. యజమాని పని తీరగానే గడ్డి మొలిచింది.

మళ్లీ ఇప్పుడు కదలిక వచ్చింది. శంషాబాద్ విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపు ఇంకొకటి రాకూడదన్న షరతు చాలాకాలం వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయానికి అడ్డుపడింది. 2025 ఫిబ్రవరిలో అది తొలగింది. ఏప్రిల్‌లో ఆదిలాబాద్ మైదానంలో పౌర విమానాలకు రక్షణ శాఖ ఒప్పుకుంది. బసంత్‌నగర్‌కు బదులు అంతర్గాం వైపు స్థలం చూస్తున్నారు.

నాయకుల ప్రసంగాల్లో పారిశ్రామికవేత్తలు, పర్యాటకులు వినిపిస్తున్నారు. ఈ ప్రాంతంలో అందరికంటే ఎక్కువగా విమానం ఎక్కేది మాత్రం గల్ఫ్ కార్మికులు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, నిర్మల్ ఊళ్ల నుంచి రాత్రి పూట జీపుల్లో, కార్లలో శంషాబాద్ పోయి దుబాయి, మస్కట్ విమానం అందుకుంటున్నారు. ఆదిలాబాద్ వాళ్లకైతే హైదరాబాద్ 300 కిలోమీటర్లు, నాగపూర్ 200. కొత్త రన్‌వే మీద దిగే మొదటి విమానం హైదరాబాద్‌కు పోతుందా, నాగపూర్‌కా, బొంబాయికా అన్నది ఇంకా ఎవరూ తేల్చలేదు. గల్ఫ్ పోయేవాళ్లనడిగితే జవాబు త్వరగానే దొరుకుతుంది: గల్ఫ్‌కు విమానం మారే బొంబాయి.