పొగైతేనేం... ఆవిరైతేనేం!

"అన్నా, కాలిస్తే కదా పొగ. ఇది ఆవిరంట. వాసన రాదంట, ఒంట్లో నిలవదంట, టెస్టులో దొరకదంట. నిజమేనా?"

దోహా సనాయాలో ఒక శుక్రవారం సాయంత్రం, టీ కొట్టు దగ్గర కరీంనగర్ వైపు కుర్రాడొకడు మమ్మల్ని అడిగిన మాట ఇది. పక్క రూం వాడెవడో పెన్నులాంటి వేప్ ఒకటి చూపించాడట. "లోపల గంజాయి నూనె ఉంది. వేడి తక్కువ పెట్టుకుంటే ఏమీ కాదు" అన్నాడట. మనవాడు ఇంకా ముట్టుకోలేదు. కానీ మనసు ఊగుతోంది. ఎండలో డ్యూటీ, ఊళ్లో అప్పు, నిద్ర పట్టని రాత్రులు... ఎందుకు ఊగుతోందో మనలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

"వద్దు తమ్ముడూ" అని ఒక్క ముక్కలో చెప్పి పంపించేయొచ్చు. కానీ ఎందుకు వద్దో చెప్పకపోతే రేపు ఇంకొకడు ఇంకో మాట చెబుతాడు. అందుకే, వేడి తగిలితే గంజాయిలో ఏం జరుగుతుందో, పరిశోధకులు ఏం తేల్చారో తెలుసుకుని మీ ముందు పెడుతున్నాం.

కిటుకంతా వేడిలోనే

పచ్చి గంజాయి ఆకులో మత్తు అంతగా ఉండదు. అందులో ఎక్కువగా ఉండేది టీహెచ్‌సీఏ అనే ఆమ్లం. వేడి తగిలేసరికి దాని నుంచి కార్బన్ డయాక్సైడ్ విడిపోతుంది. మిగిలేది టీహెచ్‌సీ. మత్తెక్కించేది ఇదే. ఎండబెట్టినప్పుడు, నిల్వ ఉంచినప్పుడు ఈ మార్పు మెల్లగా సాగుతుంది. వంద డిగ్రీలు దాటితే జోరందుకుంటుంది.

అరబ్బుల ఇళ్లల్లో డ్రైవర్లుగా, వంటవాళ్లుగా చేసేవారికి బుఖూర్ సంగతి కొత్త కాదు. ఊద్ చెక్కను సన్నటి సెగ మీద పెడితే మజ్లిస్ అంతా కమ్మటి వాసన. అదే చెక్క భగభగలాడే బొగ్గు మీద పడితే మాడు కంపు, కళ్ల మంట. చెక్క ఒక్కటే. సెగ మారితే బయటికి వచ్చేది మారిపోయింది. గంజాయి విషయంలోనూ జరిగేది ఇదే.

ముందుగా లేచేవి వాసన నూనెలు. వీటిని టెర్పీన్లు అంటారు. వీటిలో పైనీన్ 156 డిగ్రీల దగ్గర, మిర్సీన్ 167 దగ్గర, లిమోనీన్ 176 దగ్గర మరుగుతాయి. వేప్ యంత్రాల్లో సాధారణంగా పెట్టే వేడి 180 నుంచి 210 డిగ్రీలు. ఆ వేడికి టీహెచ్‌సీ, దానితోపాటు సీబీడీ ఆవిరిగా లేస్తాయి. వేడి పెంచేకొద్దీ టీహెచ్‌సీ ఎక్కువ వస్తుంది. 230 దాటితే ఆకు మాడడం మొదలవుతుంది. ఇక చుట్టి కాల్చేవారి సంగతి... దమ్ము లాగినప్పుడు నిప్పు కొస దగ్గర వేడి 900 డిగ్రీల దాకా పోతుంది. అక్కడ పుట్టేవి తారు, కార్బన్ మోనాక్సైడ్, బెంజీన్ లాంటి విషాలు.

సగం నిజం... సగం మోసం

పక్క రూం వాడి మాటల్లో కొంత నిజం లేకపోలేదు. 2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో 18 మంది వాలంటీర్ల మీద ఒక పరీక్ష జరిగింది. 190 డిగ్రీల వద్ద ఆవిరి చేసి పీల్పించారు. కాల్చినప్పటికంటే కార్బన్ మోనాక్సైడ్ బాగా తక్కువ వచ్చింది. ఇంతవరకూ వాడు చెప్పింది నిజమే.

అయితే అదే పరీక్షలో తేలిన రెండో సంగతి వాడు చెప్పలేదు. రక్తంలోకి చేరిన టీహెచ్‌సీ పొగతో ఎంతో ఆవిరితోనూ దాదాపు అంతే. అంటే వేడి తగ్గిస్తే మసి తగ్గింది గానీ మత్తు తగ్గలేదు.

2018లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు మరో అడుగు ముందుకు వేశారు. ఎప్పుడో ఒకసారి తప్ప గంజాయి వాడని 17 మందికి సరిసమానమైన మోతాదు ఒకసారి పొగగా, ఇంకోసారి ఆవిరిగా ఇచ్చి చూశారు. ఆవిరిగా పీల్చినప్పుడే రక్తంలో టీహెచ్‌సీ ఎక్కువ కనిపించింది. మత్తు, కంగారు, తడబాటు కూడా ఎక్కువే. కొందరు వాంతులు చేసుకున్నారు. కాలిస్తే కొంత మందు మంటలోనే పోతుంది. ఆవిరిలో ఆ నష్టం తక్కువ. అలవాటు లేనివాడు "ఆవిరే కదా" అని రెండు దమ్ములు లాగి మర్నాడు పొద్దున పరంజా ఎక్కితే ఏమవుతుందో మనం ఊహించుకోవచ్చు.

ఇంకో తిరకాసు ఉంది. ఈ పరీక్షల్లో వాడింది ప్రయోగశాలలో తూచి ఇచ్చిన ఆకు. పెన్నులో ఉండేది నూనె. అందులో ఏం కలిపారో అమ్మినవాడికే తెలియదు. 2019లో అమెరికాలో వేప్ పీల్చినవాళ్లు ఊపిరితిత్తులు దెబ్బతిని ఆస్పత్రుల్లో చేరడం మొదలైంది. 2020 ఫిబ్రవరి నాటికి అక్కడి ప్రభుత్వ లెక్క 2,807 కేసులు. వారిలో 68 మంది ప్రాణాలు పోయాయి. ఎక్కువమంది వాడింది టీహెచ్‌సీ నూనె. దాన్ని చిక్కబరచడానికి కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్‌కూ ఈ జబ్బుకూ గట్టి సంబంధం ఉందని తేల్చారు. ఇక ఆ వాసన నూనెలు కూడా మరీ వేడెక్కితే బెంజీన్ లాంటి విషాలుగా విరుగుతాయని 2017లో పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు చూపించారు. చేతిలో ఉన్న చవక పెన్ను ఎన్ని డిగ్రీలకు వేడెక్కిందో చూసేదెవరు?

టెస్టుకు పొగా ఆవిరీ ఒకటే

"దొరకదు" అన్న మాట పచ్చి అబద్ధం. ఒంట్లోకి వెళ్లిన టీహెచ్‌సీని కాలేయం మరో పదార్థంగా మారుస్తుంది. మూత్ర పరీక్షలో వెతికేది ఆ పదార్థాన్నే. టీహెచ్‌సీకి కొవ్వంటే ఇష్టం. కొవ్వులో చేరి మెల్లమెల్లగా బయటికి వస్తుంది. ఒక్కసారి వాడినా కొన్ని రోజులు, రోజూ వాడేవారికైతే వారాల తరబడి కనిపిస్తుంది. నోరు కడుక్కుంటే పోయేది కాదు.

చట్టమూ అంతే. ఖతర్‌లో మాదకద్రవ్యాల మీద 1987 నాటి 9వ నంబరు చట్టం ఉంది. ఆకు, హషీష్, నూనె... ఏ రూపంలో ఉన్నా నేరమే. ఇక 2016 నాటి 10వ నంబరు చట్టం ప్రకారం మామూలు ఈ-సిగరెట్ల అమ్మకం, దిగుమతి కూడా నిషేధం. అంటే ఆ పెన్ను ఖాళీగా ఉన్నా దాని రాకే అక్రమం. నూనె ఉంటే ఇక చెప్పేదేముంది?

ముంబై దంపతుల కథ గుర్తుందా? 2019 జులైలో దోహా హమద్ విమానాశ్రయంలో దిగారు. బంధువు ఇచ్చిన పొట్లంలో నాలుగు కిలోలకు పైగా హషీష్ బయటపడింది. చెరి పదేళ్ల జైలు, చెరి మూడు లక్షల రియాళ్ల జరిమానా. అప్పటికే ఆమె గర్భిణి. బిడ్డ జైల్లోనే పుట్టింది. వాళ్లకు తెలియకుండా ఆ పొట్లం అంటగట్టారని మన నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో దర్యాప్తులో వెల్లడైంది. చివరికి 2021 మార్చిలో నిర్దోషులుగా బయటపడ్డారు. ఏ తప్పూ చేయనివాళ్లకే దాదాపు రెండేళ్లు పట్టింది. తెలిసి జేబులో పెట్టుకున్నవాడి తరఫున ఎవరు మాట్లాడతారు?

సెలవు మీద వెళ్లేవారికి...

ఈ సరుకు మన గడపకు దూరమేమీ కాదు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసులు సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని ఒకేచోట తగలబెట్టారు. ద్రవ గంజాయి అని మన పేపర్లలో వచ్చే హాష్ ఆయిల్ కూడా ఆ మొక్క నుంచి తీసిందే. కాబట్టి తిరిగి వచ్చేటప్పుడు ఊళ్లో ఎవరు ఏ పొట్లం ఇచ్చినా విప్పి చూడండి. ఆవకాయ సీసా అయినా సరే, అరిసెల డబ్బా అయినా సరే. మొహమాటపడితే జీవితమే పోవచ్చు.

ఆయుర్వేద మందులు తెచ్చుకునేవారు లేబుల్ చదవండి. కొన్నింటిలో "విజయ" అని ఉంటుంది. అది గంజాయి మొక్కకు ఆయుర్వేదంలో ఉన్న పేరు. మన దగ్గర మందుగా అమ్మినా ఇక్కడి కస్టమ్స్‌లో ఆ మాట చెల్లదు. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, ప్రిగాబాలిన్, కొన్ని నిద్రమాత్రల విషయంలోనూ జాగ్రత్త.

ఇప్పటికే అలవాటులో ఇరుక్కున్నవారు సిగ్గుపడి దాచుకోవద్దు. డాక్టరుకు చెప్పుకోండి. ఊళ్లో మనవాళ్లు ఎవరైనా ఇలా ఇబ్బంది పడుతుంటే భారత ప్రభుత్వ టోల్‌ఫ్రీ నంబరు 14446 ఉంది.

ఇదంతా ఆ కుర్రాడికి రెండు టీలు తాగేంతసేపు చెప్పాం. కాసేపు మాట్లాడలేదు. "నిద్ర పట్టకే అన్నా ఇదంతా..." అన్నాడు చివరికి. ఆ మాటకు మా దగ్గర మందు లేదు. ఫోన్ నంబరు తీసుకున్నాం. వచ్చే శుక్రవారం కూడా టీకి రమ్మన్నాం. మీ రూంలోనూ నిద్ర పట్టని తమ్ముడొకడు ఉండే ఉంటాడు. పెన్ను పట్టుకున్నవాడి కంటే ముందు మీరే వాణ్ని పలకరించండి.