ట్రాక్టరు రంగు - ఘాటు మందుల చేటు - మరమ్మతు విధము

దమ్ము చేసి గట్టెక్కిన ట్రాక్టరునకు బురద పట్టియుండుట సహజము. ఆ బురదను త్వరగా వదల్పవలెనను తొందరలో మన రైతులలో కొందఱు చాకలిసోడా, కాస్టిక్ సోడా, మరుగుదొడ్లు కడుగు ఆసిడు మున్నగువానిని నీటిలో కలిపి బండిని కడుగుచున్నారు. కడిగిననాడు బండి తళతళలాడును. కొలదికాలమునకే రంగు వెలవెలబోయి సున్నము పూసినట్లగును; పిదప పెచ్చులూడి తుప్పు బయలుదేరును. బురదకు కాస్టిక్ సోడా వాడుట పిచ్చుకపై బ్రహ్మాస్త్రమును వేయుటయే.

రంగు కేవలము సొగసు కొఱకు కాదు. అది రేకునకు కవచము. ప్రైమరును రంగును కలిపినను ఆ కవచపు మందము మిల్లీమీటరులో సుమారు పదియవ వంతు మాత్రమే. కాస్టిక్ సోడా ఎనామెల్ రంగులోని నూనె పదార్థమును సబ్బుగా మార్చి రంగును మెత్తబఱచును, అల్యూమినియమును తినివేయును. ఆసిడు ఇనుమును, తళుకుపూత గల భాగములను తినును. థిన్నరు రంగును కరగించును. కిరోసిను, డీజిలు రబ్బరు గొట్టములను ఉబ్బించి చెఱచును.

చెడిన రంగును బాగుచేయుటకు ముందు మందును పూర్తిగా వదల్పవలెను. బండిని నీడలో చల్లారనిచ్చి, మేకులసందులలోను అతుకులలోను మిగులకుండ మంచినీటితో పలుమారులు కడుగవలెను. ఆసిడు పడినచోట లీటరు నీటికి ఒక చెంచాడు వంటసోడా కలిపి తుడిచి, మరల నీటితో కడుగవలెను. కాస్టిక్ సోడా పడినచోట నీరే చాలును. దానికి విరుగుడని ఆసిడు పోయరాదు. ఆసిడును బ్లీచింగు పొడిని ఎన్నడును కలుపరాదు; కలిపినచో ప్రాణాపాయకరమగు క్లోరిన్ వాయువు పుట్టును.

పిమ్మట చేటు ఎంత లోతునకు పోయినదో పరీక్షింపవలెను. తెల్లబడిన చోటును తడిపినప్పుడు రంగు కనబడి, ఆఱినంతనే మరల తెల్లబడినచో, చేటు పైపొరకే పరిమితమని తెలియునది. గోటికి గరుకు తగిలినచో కొంత లోతుగా పోయినది. ప్రైమరు గాని రేకు గాని కనబడినచో కవచము తెగినట్లే.

మొదటి స్థితికి సన్నని రబ్బింగు కాంపౌండు చాలును. మెత్తని గుడ్డతో ఒక్కొక్కమారు జానెడు చోటున మాత్రము తేలికగా రుద్ది, తుడిచి, పైన మైనపు పాలిషు పట్టింపవలెను. అంచులయొద్ద రంగు పలుచన గనుక అచ్చట గట్టిగా రుద్దరాదు.

రెండవ స్థితికి 2000 నంబరు నీటి ఎమరీ కాగితమును తడిపి, గరుకు పోవునంతవఱకే మెల్లగా రుద్ది, పిదప కాంపౌండును మైనమును వాడవలెను. ప్రైమరు తొంగిచూచినచో వెంటనే ఆపవలెను.

మూడవ స్థితిలో పాలిషు పనికిరాదు. ఊడు పెచ్చులను గీకి, తీగెకుంచెతోను 80 నంబరు కాగితముతోను ఇనుము మెఱయువఱకు తుప్పును తీయవలెను. చుట్టునున్న రంగు అంచును 320 నంబరుతో పలుచన చేసి, థిన్నరు గుడ్డతో జిడ్డు తుడిచి, ఆ దినముననే ప్రైమరు పూయవలెను. ఒక రాత్రి మంచు తగిలినను శుభ్రమైన ఇనుము మరల తుప్పుపట్టును. గుంటలున్నచో ప్రైమరుపై లప్పము పెట్టి, నునుపుచేసి, మరల ప్రైమరు పూయవలెను. అది ఆఱినపిదప 400 నంబరుతో రుద్ది, ఎనామెలును పలుచగా రెండుమారులు పూయవలెను. చిక్కగా ఒక్కమారు పూసినచో కారి ముడుతలుపడును. క్రొత్త రంగు గట్టిపడుటకు కొన్ని వారములు పట్టును. అంతవఱకు సబ్బుగాని మైనముగాని తగులనీయరాదు.

మసకబాఱిన ప్లాస్టిక్ దీపపు మూతలను 1000, 2000, 3000 నంబరుల కాగితములతో వరుసగా తడిగా రుద్ది పాలిషు చేసినచో వెలుగు తిరిగివచ్చును. కాస్టిక్ సోడా తినిన అల్యూమినియము మాత్రము మెఱుగుపెట్టినను గుంటలు పూడవు. అన్ని నష్టములకును మరమ్మతు లేదని దీనివలన గ్రహింపవలెను.

ఇంత శ్రమ రాకుండుటకు ఉపాయము సులభము. బురదను అరగంట నానబెట్టి, నీటితో పైనుండి క్రిందికి కడిగి, బండ్లకై చేసిన తేలికపాటి షాంపూను మాత్రమే వాడవలెను. ఎరువులు, పురుగుమందులు చల్లిన దినమున బండిని తప్పక కడుగవలెను. వాని లవణములు తుప్పును త్వరపఱచును. కడుగుడు షెడ్డునకు పంపునపుడు ఏ మందు వాడుదురో ముందుగా అడుగవలెను.

ట్రాక్టరు కొనువాడు మొదట చూచునది తుప్పునే. అప్పు తీరకమునుపే బండి రూపు తీరిపోయినచో అమ్మకపు ధర తగ్గును, వాయిదాల భారము మాత్రము తగ్గదు. కాంపౌండు డబ్బా, ప్రైమరు, కాగితములు ఒక్కరైతుకు ఏండ్లతరబడి మిగులును గనుక, నలుగురైదుగురు సభ్యులు కలిసి కొని పంచుకొనుట లాభకరమని మేము విన్నవించుచున్నాము. వచ్చు దమ్ముల కాలమునకు ముందే సభ్యులు తమ బండ్లను ఒకమారు పరీక్షించుకొందురుగాక.