ఇంజన్ ధ్వనుల కృత్రిమ రూపకల్పన: నరసాపురం రేవు నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
సాఫ్ట్‌వేర్ సింథసైజర్ ద్వారా వాహనాల ఇంజన్ ధ్వనిని సహజంగా రూపొందించడానికి ఆధారమైన భౌతిక సూత్రాలను ఈ వ్యాసం వివరిస్తుంది. నరసాపురం రేవులో వినిపించే పడవల, ఆటోల ధ్వనులను ఉదాహరణగా తీసుకొని, ఒక సిలిండరు ఇంజన్‌కు, పలు సిలిండర్ల ఇంజన్‌కు రూపకల్పనలో ఉండే భేదాన్ని నిరూపిస్తుంది.

కీలక పదాలు: ఇంజన్ ధ్వని, సింథసైజర్, పౌనఃపున్యం, అనునాదం, నరసాపురం, విద్యుత్ వాహనాలు.

ఉపోద్ఘాతం:
వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న నరసాపురం 17వ శతాబ్దంలోనే ఓడల నిర్మాణానికి పేరుపొందిన రేవు పట్టణం. ఆవలి ఒడ్డున సఖినేటిపల్లి ఉంది. మనుషులనూ వాహనాలనూ దాటించే పంటు ఈ రెండు ఒడ్లనూ కలుపుతుంది. రేవులో నిలబడి కళ్లు మూసుకున్నా ఏది పంటు, ఏది చేపల పడవ, ఏది ఒడ్డెక్కుతున్న ఆటో అన్నది స్థానికులకు తెలిసిపోతుంది. చెవి ఇంత కచ్చితంగా గుర్తించే ధ్వనిని యంత్రం చేత పలికించాలంటే, ఆ గుర్తింపునకు ఆధారమైన లక్షణాలు ఏమిటో ముందుగా తెలుసుకోవాలి. సినిమా, ఆటల నిర్మాణానికే కాక, విద్యుత్ వాహనాలు విస్తరిస్తున్న ఈ కాలంలో రహదారి భద్రతకు కూడా ఈ విషయం అవసరమైనది.

ధ్వని జననం:
ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ప్రతి సిలిండరు రెండు భ్రమణాలకు ఒకసారి పేలుతుంది. కాబట్టి నిమిషానికి జరిగే భ్రమణాల సంఖ్యను సిలిండర్ల సంఖ్యతో గుణించి 120తో భాగిస్తే సెకనుకు ఎన్ని పేలుళ్లో తెలుస్తుంది. నిమిషానికి 900 భ్రమణాలతో తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో సెకనుకు 30 పేలుళ్లు జరుగుతాయి. అదే వేగంతో తిరిగే ఒక సిలిండరు ఇంజన్‌లో ఏడున్నర మాత్రమే.

ఈ భేదం కేవలం అంకెలలోనిది కాదు. మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్‌కు పైబడిన కంపనాలనే స్వరంగా గ్రహిస్తుంది. అంతకు తక్కువైతే ఒక్కొక్క దెబ్బను విడివిడిగా వింటుంది. డప్పు మీద నెమ్మదిగా పడే దెబ్బలను లెక్కపెట్టవచ్చు. వేగం పెరిగేకొద్దీ అవి కలిసిపోయి ఒకే రొదగా మారతాయి. ఈ కారణంగానే కారు ఇంజన్ ధ్వనిని స్వరంగానూ, చిన్న పడవలోని ఒక సిలిండరు డీజిల్ ఇంజన్ ధ్వనిని లయగానూ వింటాము. ఆ ఇంజన్ ధ్వని 20 హెర్ట్జ్‌ను చేరాలంటే నిమిషానికి 2400 భ్రమణాలు కావాలి.

రూపకల్పన విధానం:
నమోదు చేసిన ధ్వనినే తిప్పి తిప్పి వినిపిస్తూ, వేగం మార్చవలసినప్పుడు దాని స్థాయిని పెంచడం అందరికీ తెలిసిన పద్ధతి. ఇందులో ఒక మౌలికమైన లోపం ఉంది. ధ్వనిని రెట్టింపు వేగంతో వినిపిస్తే పేలుళ్లతో పాటు గొట్టం అనునాదాలు కూడా రెట్టింపవుతాయి. ఇంజన్ వేగం పెరిగినట్లు కాక, పడవ మొత్తం సగానికి కుంచించుకుపోయినట్లు వినిపిస్తుంది. అందువల్ల మూలాన్నీ, అది ప్రయాణించే మార్గాన్నీ వేరుచేయడం అవసరం.

ప్యూర్ డేటా, సూపర్ కొలైడర్, సీసౌండ్ వంటి సాఫ్ట్‌వేర్లలో ఈ పని సాధ్యమవుతుంది. ఆండీ ఫార్నెల్ 2010లో ప్రచురించిన ‘డిజైనింగ్ సౌండ్’ గ్రంథం ఇటువంటి ధ్వనులను నమోదుల మీద ఆధారపడక, భౌతిక ప్రక్రియ నుండి నిర్మించే మార్గాన్ని ప్యూర్ డేటా ద్వారా బోధిస్తుంది. ఆ దృష్టితో చూస్తే నిర్మాణంలో నాలుగు అంచెలు కనిపిస్తాయి.

మొదటిది కాలమానం. సున్నా నుండి ఒకటి వరకు పెరిగి మళ్లీ సున్నాకు వచ్చే సంకేతం ఇంజన్ చక్రాన్ని సూచిస్తుంది. పేలుడు, కవాటాల కదలిక మొదలైనవన్నీ ఈ ఒక్క సంకేతం నుండే పుట్టాలి. అప్పుడే వేగం మారినా వాటి పరస్పర సంబంధం చెదరదు.

రెండవది మూలధ్వని. ఎగ్జాస్ట్ కవాటం తెరుచుకున్నప్పుడు వెలువడే పీడన ఘాతం హఠాత్తుగా లేచి క్రమంగా అణగిపోతుంది. డీజిల్ ఇంజన్‌లో ఇంధనం ఒక్కసారిగా అంటుకోవడం వల్ల కలిగే లోహపు టకటక దీనికి అదనం. దీనిని అతి స్వల్పకాలపు రొదగా, ఎక్కువ పౌనఃపున్యాలతో కలపాలి.

మూడవది గొట్టం. ఒక కొన మూసి, మరొక కొన తెరిచి ఉన్న గొట్టంగా ఎగ్జాస్ట్‌ను భావిస్తే, దాని ప్రాథమిక పౌనఃపున్యం ధ్వని వేగాన్ని గొట్టం పొడవుకు నాలుగు రెట్లతో భాగించగా వస్తుంది. సుమారు 230 డిగ్రీల సెల్సియస్ వద్ద గాలిలో ధ్వని వేగం సెకనుకు 450 మీటర్లు. ఒకటిన్నర మీటర్ల గొట్టానికి అది 75 హెర్ట్జ్ అవుతుంది. చల్లగా ఉన్న గొట్టంలో, అంటే 30 డిగ్రీల వద్ద, ఇది సుమారు 58 మాత్రమే. ఇంజన్ వేడెక్కేకొద్దీ ధ్వని పదునెక్కడానికి ఇది ఒక కారణం. సింథసైజర్‌లో ఈ గొట్టాన్ని సంకేతాన్ని ఆలస్యం చేసి, గుర్తు మార్చి, కొంత తగ్గించి వెనక్కు పంపే వలయంగా నిర్మించవచ్చు. సెకనుకు 44,100 నమూనాల వద్ద పై వేడి గొట్టానికి కావలసిన ఆలస్యం 294 నమూనాలు.

నాలుగవది అసమానత. నిజమైన ఇంజన్‌లో ఏ రెండు పేలుళ్లూ ఒకేలా ఉండవు. ఘాతాల బలంలోనూ, కాలంలోనూ స్వల్పమైన యాదృచ్ఛిక భేదం ప్రవేశపెట్టకపోతే, దెబ్బలు విడివిడిగా వినిపించే ఒక సిలిండరు ఇంజన్‌లో కృత్రిమత్వం వెంటనే బయటపడుతుంది.

నీరు, నేల:
ఆటోలో ఇంజన్ వేగం, దానిపై పడే భారం వేరువేరుగా మారతాయి. గేరు మార్చినప్పుడు వేగం పడిపోతుంది. వాలు మీద అదే వేగంలో భారం తగ్గుతుంది. కనుక ఆటో నమూనాకు రెండు నియంత్రణలు కావాలి. పడవలో చక్రానికి బదులు పంకా నీటిని నెడుతుంది. దానికి కావలసిన శక్తి సుమారుగా వేగం ఘనానికి అనులోమంగా పెరుగుతుంది. అంటే సాఫీ ప్రయాణంలో వేగం తెలిస్తే భారం తెలిసినట్లే. పడవ ధ్వనికి గల నిలకడకు ఇది మూలం.

డాప్లర్ ప్రభావం విషయంలోనూ ఇటువంటి వివేచన అవసరం. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో వచ్చే పడవ ధ్వని స్థాయి సుమారు 0.8 శాతం మాత్రమే పెరుగుతుంది. ఇది అర్ధస్వరంలో ఏడవ వంతు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో చెంత నుండి దాటిపోయే ఆటో ధ్వని మాత్రం మొత్తం మీద అర్ధస్వరానికి మించి పడిపోతుంది. రెండింటికీ ఒకే ప్రభావాన్ని అతికించడం అసహజం.

నిశ్శబ్ద వాహనాల సమస్య:
విద్యుత్ వాహనం తక్కువ వేగంలో దాదాపు వినిపించదు. చూపు లేనివారికీ, వృద్ధులకూ ఇది ప్రమాదకరం. ఐక్యరాజ్యసమితి 138వ నిబంధన గంటకు 20 కిలోమీటర్ల వరకు ఇటువంటి వాహనాలు హెచ్చరిక ధ్వని చేయాలనీ, వేగంతో పాటు ఆ ధ్వని స్థాయి మారాలనీ నిర్దేశించింది. ఐరోపా సమాఖ్య దీనిని 2019 జులై నుండి కొత్త నమూనాలకు, 2021 జులై నుండి కొత్త వాహనాలన్నింటికీ తప్పనిసరి చేసింది. వాహనం కదులుతోందా, వేగం పుంజుకుంటోందా, తగ్గుతోందా అన్న సమాచారమే ఆ ధ్వని నుండి పాదచారికి అందవలసినది. పంటు దిగిన ఆటోలు, ద్విచక్ర వాహనాలు, పాదచారులు ఒకే ఇరుకు దారిలో కలిసే రేవు వంటి చోట ఈ సమాచారం లోపిస్తే ప్రమాదం చేరువవుతుంది.

ముగింపు:
ఇంజన్ ధ్వని రూపకల్పన స్వరాల కూర్పు కాదు. ఒక యాంత్రిక ప్రక్రియను చెవికి అర్థమయ్యేలా చెప్పడం. ఘాతం, గొట్టం, భారం, అసమానత అనే అంశాలను వేరుచేసి పరిశీలిస్తే పడవకూ ఆటోకూ ఉన్న భేదం సూత్రబద్ధంగా తెలుస్తుంది. రూపొందించిన ధ్వనికి అంతిమ పరీక్ష మాత్రం వర్ణపటం కాదు, దానిని నిత్యం వినేవారి చెవి. ఇంజన్ పలుకు మారగానే లోపాన్ని పసిగట్టే సరంగు, చేపల పడవ రాకను ఇంటి నుండే గుర్తించే కుటుంబం ఈ విషయంలో నిపుణులే. వారి వినికిడి జ్ఞానాన్ని నమోదు చేసి, కృత్రిమ ధ్వనులను వారి చేత పరీక్షింపజేయడం ఈ రంగంలో పరిశోధకులు చేపట్టదగిన పని.